పొయ్యిలో పిల్లికి ప్లాస్మా యోగం

పొయ్యి అన్నాక మండాలి అనుకోవడం వట్టి మూఢనమ్మకం! ఈ మాట అన్నందుకు నన్ను కొట్టాలనిపిస్తే తప్పకుండా కొట్టండి. కాకపోతే క్యూలో రావాలి. అందరికంటే ముందు మా ఆవిడ నిలబడి ఉంది.

మేడ కింద మా ఆవిడకో చిన్న బేకరీ ఉంది. మా ఇంటిల్లిపాదికీ ఐదు వేళ్ళూ నోట్లోకి వెళ్తున్నాయంటే దాని చలవే. పేపర్లో నేను రాసే కాలమ్ వల్ల నోట్లోకి వెళ్ళేది గాలి. ఆ బేకరీలో ఓ పాత డీజిల్ ఓవెన్. అది దగ్గేది, తుమ్మేది, గోడలకి మసి పూసేది. బ్రెడ్ మాత్రం దూదిలా దింపేది. ఆ వాసనకే వీధి నిద్ర లేచేది. ఎంత అనాగరికం చూడండి!

ఈ అంధకారంలోకి మా బావమరిది దిగాడు. ఇంజినీరు. చదువంతా మంటల మీదే.

"అక్కా, నీ ఓవెన్ సగం డీజిల్‌ని పొగ చేసి పారేస్తోంది. ప్లాస్మా బర్నర్ పెట్టేద్దాం. హైవోల్టేజి కరెంటుతో గాలిని ప్లాస్మా చేస్తాం. అది డీజిల్ అణువుల్ని ముక్కలు ముక్కలు చేసేస్తుంది. కాస్త డీజిల్‌తోనే పూర్తిగా మండుతుంది. పొగన్నదే ఉండదు."

ప్లాస్మా అనగానే మా అత్తగారికి ఆసుపత్రి గుర్తొచ్చింది. "పొయ్యికి రక్తం ఎక్కిస్తారేంట్రా? ఎవరిదీ?" అని అడిగి, ఎందుకో నా వైపు చూశారు.

రక్తం కాదని నేనే సర్దిచెప్పాను. ఘనం, ద్రవం, వాయువు అయ్యాక పదార్థానికి నాలుగో స్థితి ఇదే, మెరుపులో ఉండేది ఇదే అన్నాను. "మెరుపుని తెచ్చి వంటింట్లో పెడతారా?" అన్నారావిడ. అభివృద్ధిని పెద్దలు ఎప్పుడు అర్థం చేసుకున్నారు గనక!

బర్నర్ వచ్చింది. ఏం సోకండీ దానిది! ఊదారంగు తీగ ఒకటి చిటపటలాడుతూ లోపల గిర్రున తిరిగింది. మంట నీలంగా వచ్చింది. అబద్ధమెందుకు, పొగ నిజంగానే లేదు. మా ఆవిడ కళ్ళలో మొదటిసారి పొగ లేకుండా నీళ్ళు తిరిగాయి.

అంతలో మేడంతా కరెంటు పోయింది. మెరుపుకి ఆకలెక్కువట.

అందుకని జెనరేటర్ తెచ్చారు. అది డీజిల్ తాగి పొగ వదిలింది. పొగని తరిమే ఇంట్లో పొగా? సిగ్గుచేటు! జెనరేటర్‌కీ ఓ ప్లాస్మా యూనిట్ తగిలించారు. మరి దానికి కరెంటో? ఇంకో జెనరేటర్! దాని పొగకో? మీరు తెలివైనవారు, మిగతాది మీకు తెలిసిపోయింది. మా పెరడు నిండాక పక్కింటివాళ్ళ పెరడు అరువడిగాం.

పిండి మాటేమిటంటారా? పొంగింది. టబ్బు దాటి, బల్ల దాటి, గడప దాకా వచ్చి లోకం చూసింది. "ట్రయల్ పీరియడ్ బావా, ఓపిక పట్టాలి" అన్నాడు బావమరిది. నేను పట్టాను. కొనేవాళ్ళు పట్టలేదు, పక్కవీధి బేకరీకి మళ్ళారు. తెచ్చిన డీజిలంతా జెనరేటర్లే తాగేస్తే ఓవెన్‌కి చుక్క మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే బర్నర్ కంపెనీవాళ్ళు తనిఖీకి వచ్చారు. ఓవెన్ గొట్టంలో మీటర్ పెట్టారు. పొగ సున్నా! ఓవెన్ తాగిన డీజిల్ సున్నా! అద్భుతమంటూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పుడుకి ఓవెన్ లోపల ఏదో కదిలింది. పెద్దాఫీసరు టార్చి వేసి చూశాడు. మా బేకరీ పిల్లి! కళ్ళు తెరిచి, ఆవులించి, ఒళ్ళు విరుచుకుని, అటు తిరిగి పడుకుంది.

పొయ్యిలో పిల్లి లేవలేదంటే ఏమిటో అక్కడ నాకూ మా అత్తగారికీ తెలుసు. ఆఫీసరుకి తెలియదు. "ఈ పిల్లి టెస్టులో భాగమా?" అని అడిగాడు.

"అవునండీ, పొగ లేదనడానికి లైవ్ ప్రూఫ్" అన్నాడు మా బావమరిది. వాళ్ళు పిల్లిని కూడా ఫొటో తీసుకున్నారు.

అత్తగారు కొడుకు భుజం తట్టారు. "అది ఎలాగూ లేవదు గానీ, నువ్వు లే నాయనా."

మా ఆవిడ మాత్రం ఒకే ఒక్క మాట అడిగింది. "తమ్ముడూ, నా పాత బర్నర్ ఏదిరా?"

"మొదటి జెనరేటర్ కింద ఎత్తుకి పెట్టామక్కా. కాస్త నలిగింది."

మా ఆవిడ వెళ్ళి గడప దగ్గరి పిండిని ఎత్తడం మొదలుపెట్టింది. అరిచి ఉంటే నాకు భయం వేసేది కాదు.

పాఠకులారా, ప్లాస్మా గొప్పదే. అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. పదార్థానికి నాలుగో స్థితి అది. ఐదోదాన్ని మేం కనిపెట్టాం. దుస్థితి!

ఈ వ్యాసం రాస్తూ టీతో తింటున్న బ్రెడ్ పక్కవీధిది. మా ఆవిడ ఓ ముక్క తుంచి, వాసన చూసి, చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"మాడగొట్టారు వెధవలు" అన్నాను, ఓదారుద్దామని.

"మాడాలన్నా మండాలి కదండీ" అంది.