డిసెంబరులో కారు మార్చకూడదు

నాగరికుడైన మనిషి కారు కొనేది ఎక్కడానికి కాదు, దిగడానికి. ఎక్కేటప్పుడు చూసేవాడు ఎవడూ ఉండడు. నేలమాళిగ పార్కింగ్, మసక ట్యూబ్‌లైట్లు, ఎవరో వదిలేసిన తుడుపుకర్ర. దిగేటప్పుడు మాత్రం ఎదురుగా హోటల్ గుమ్మం ఉంటుంది, గోల్ఫ్ క్లబ్బు మెట్లుంటాయి, పెళ్ళి హాలు ముందు పాత క్లాస్‌మేట్లుంటారు. తలుపు తెరుచుకున్న చప్పుడుకి వాళ్ళు తల తిప్పుతారా లేదా అన్నదాని మీదే సియోల్ చుట్టుపక్కల మనిషి బతుకు ఆధారపడి ఉంది. ఈ సత్యాన్ని నిబంధనగా మార్చి కాగితం మీద పెట్టిన ఘనత మా అపార్ట్‌మెంట్లదేనని సవినయంగా మనవి చేస్తున్నాను.

సియోల్ పక్కనే ఉన్న బుందాంగ్‌లోని మా యున్‌సల్ అపార్ట్‌మెంట్లకు నివాసుల ప్రతినిధుల సంఘం ఉంది. ఆ సంఘానికి పార్కింగ్ ఉపసంఘం ఉంది. దానికి నేను అధ్యక్షుణ్ణి. (జీతం లేదు. గౌరవం ఉంది. ఉందనే నా నమ్మకం.) మా పద్నాలుగో నిబంధన ఇలా సాగుతుంది: "నివాసి వాహనము నివాసి హోదాకు తగినదై యుండవలెను. హోదా మారినచో నెలలోగా వాహనమును, వాహనము మారినచో నెలలోగా హోదాను తదనుగుణముగా సవరించుకొనవలెను." రెండో సగం నేనే రాశాను. వాక్యానికి తూకం కుదురుతుందని రాశానే తప్ప, అది ఎప్పుడైనా అమలవుతుందని కలలో కూడా అనుకోలేదు.

మొదటి సగాన్ని అమలు చేసేది గేటు దగ్గరి గార్డు మేంగ్‌గారు. నల్లటి పెద్ద సెడాన్ వస్తే లేచి నిలబడి సెల్యూట్ చేస్తారు. బూడిదరంగు మధ్యరకం సెడాన్‌కి కూర్చునే సెల్యూట్. తెల్లటి చిన్న కారుకి తల ఊపు. విదేశీ కారుకి సెల్యూట్‌తో పాటు చిరునవ్వు కూడా ఉంటుంది (నడిపేవాడికి ముప్పై దాటకపోతే చిరునవ్వు రద్దు). నాది నల్లటి పెద్ద సెడాన్ (సొంతది). పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళేటప్పుడు ఒకటి, సాయంత్రం ఏడింటికి వచ్చేటప్పుడు ఒకటి, రోజుకు రెండు సెల్యూట్లు నాకు ముడుతున్నాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. మా బ్లాకులోనే పదహారో అంతస్తులో తక్ సంగ్‌మున్ గారు ఉంటారు. లిఫ్టు బటన్లు తయారుచేసే పెద్ద కంపెనీలో డైరెక్టరు. వారికీ నాలాగే నల్లటి సెడాన్. అది కంపెనీ ఇచ్చింది కాదు, సొంత డబ్బుతో కొనుక్కున్నది. ఈ ముక్క అందరికీ తెలిసిందే. అవసరమైనప్పుడు మాత్రం ఒక్కడికీ గుర్తు రాలేదు.

ఆ సెడాన్‌ని తక్‌గారు ఇచ్చేసి, దాని ధరలో సగం కూడా చెయ్యని మరో కారు తెచ్చుకున్నారు. కమలాపండు రంగు. రెండే తలుపులు. వెనకసీటు పేరుకి మాత్రం ఉంది. స్టార్ట్ చేస్తే మా నేలమాళిగలో నిద్రపోతున్న కార్లు ఉలిక్కిపడి రెండు అలారాలు మోగించాయి. ఇంతవరకూ క్షమించవచ్చు. కానీ ఆ మహానుభావుడు ఈ పని డిసెంబరు మొదటి వారంలో చేశారు!

డిసెంబరంటే మా దగ్గర డైరెక్టర్ల తలరాత రాసే నెల. ఓ పొద్దున్న కంపెనీ ప్రకటన వస్తుంది. అందులో పేరున్నవాడు మరో ఏడాది డైరెక్టరు. పేరు లేనివాడు మధ్యాహ్నానికి మాజీ. సాయంత్రానికి కంపెనీ కారు తాళం వెనక్కి వెళ్ళిపోతుంది. అందుచేత డిసెంబరులో ఏ ఇంటి నల్ల సెడానైనా మాయమైతే ఆ ఇంటి పెద్ద ఉద్యోగం ఊడినట్టే. అడగవచ్చు కదా అని మీరంటారేమో. ఛీ, అడగడం మోటు పని. మేము కనిపెడతాం. ఎదుటివాడి మొహం, బూట్లు, చెత్తసంచీ చూసి సంగతి కనిపెట్టలేనివాడు మా దగ్గర ఎందుకూ కొరగాడు.

నేలమాళిగలో నాకు ఎదురుపడ్డప్పుడు తక్‌గారు కొత్త కారు బానెట్ మీద చెయ్యేసి నిమురుతున్నారు.

"చూశారా అధ్యక్షులుగారూ! గేర్లు చేత్తోనే మార్చుకోవాలి. నా ఎడమకాలికి ఇన్నాళ్ళకి పని దొరికింది!"

"బాగుందండీ," అన్నాను జాగ్రత్తగా. "ఆ సెడాన్‌కి ఏమైనా..."

"దానికేం రోగం! అందులో కూర్చుంటే నా శవయాత్రకి నేనే వెళ్తున్నట్టుండేది. ఓ ఇరవై ఏళ్ళుగా ఇలాంటిది కొనాలని ఆశ. ఏడాది చివర కదా, తగ్గించి ఇచ్చాడు, పట్టుకొచ్చేశాను."

"మరి మేడమ్ ఏమన్నారు?"

"హీజోంగా? తనే ముందు నడిపింది. మొదటి చలానా కూడా తనకే పడింది!" అని పగలబడి నవ్వారు.

పాపం, ఎంత పెద్ద దెబ్బ తగిలితే మనిషి అలా నవ్వుతాడు!

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టాం. మహిళా సంఘం అధ్యక్షురాలు యోమ్ మిరాన్‌గారు కళ్ళు ఒత్తుకుంటూ వచ్చారు. ఆవిడ చేతిలో మా ఫ్లాట్ల ధరల గ్రాఫు ఉంది.

"జాలితో అంటున్నానండీ, ఇంకోలా అనుకోకండి," అన్నారు. "ఫ్లాటు చూడ్డానికొచ్చినవాళ్ళకి ముందుగా కనబడేది ఆ కమలాపండే. డైరెక్టర్లుండే బ్లాకు అని చెప్పి అమ్ముకుంటున్నాం. మన గతేం కాను?"

చర్చించి, ఆ కారును మూడో నేలమాళిగలో నీళ్ళ పంపు వెనక పెట్టించాలని తీర్మానించాం. మనుషులం కనుక తక్‌గారి కుటుంబాన్ని ఓదార్చాలని కూడా తీర్మానించాం. యోమ్‌గారు నత్తగుల్లల గంజి కాచి, గిన్నె పట్టుకుని పదహారో అంతస్తుకి వెళ్ళారు. నేను వెనకాల నిలబడ్డాను (గ్రాఫు నా చేతిలో ఉంది).

తలుపు తీసిన హీజోంగ్‌గారు గంజి చూసి తెల్లబోయారు. "ఇదేంటక్కా? మా ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగోలేకపోవడమేం లేదే!"

"ఒంటికి కాదు చెల్లీ, మనసుకి బలం."

"మనసుకేం, గుర్రంలా ఉంది! నిన్న కారులో నది ఒడ్డు పొడుగునా పాటలు పాడుతూనే ఉన్నారు. చెవులు చిల్లులు పడ్డాయి."

లిఫ్టులోకి రాగానే యోమ్‌గారు గోడకు ఆనుకున్నారు. "విన్నారా? పాటలు కూడా మొదలయ్యాయట," అన్నారు.

ఇక్కడ మా ఆచారం ఇంకొకటి చెప్పాలి. ఉద్యోగం ఊడిన డైరెక్టరు మా దేశంలో కోడి వేయించే దుకాణం పెడతాడు. ఇది చట్టం కాదు. అయినా అతిక్రమించినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. కనుక మర్నాడే రెండు వేపుడుకోడి కంపెనీల ఏజెంట్లు నమూనా డబ్బాలతో తక్‌గారి గుమ్మం ముందు ఒకరినొకరు తోసుకున్నారు. మూడో బ్లాకు పెద్దాయన లిఫ్టులో ఆయన భుజం తట్టి, "మన వీధి చివర మాత్రం వద్దు తమ్ముడూ, అక్కడ ఇప్పటికే మాజీలు ముగ్గురు నూనె కాస్తున్నారు," అని హితవు చెప్పారు. మంగళవారం కొండెక్కే మాజీల బృందం కొత్త చేతికర్ర కానుకగా తెచ్చింది.

"మంగళవారం ఎలా కుదురుతుందండీ, ఆఫీసుంది కదా!" అన్నారు తక్‌గారు.

బృందంవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ పెద్ద మెల్లగా అన్నాడు: "మొదట్లో మేమూ అలాగే అన్నాం తమ్ముడూ."

తక్‌గారు కనబడ్డవాడికల్లా నిజం చెప్పడం మొదలుపెట్టారు. నా ఉద్యోగం నాకుంది మొర్రో అన్నారు. సరదాగా కొన్నాను మహాప్రభో అన్నారు. సరదా! యాభై నాలుగేళ్ళ డైరెక్టరు, డిసెంబరులో, సరదా. ఆయన ఒక్కో మాట చెప్పేకొద్దీ మాలో ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది. మేంగ్‌గారైతే ఆయన వస్తుంటే లేవాలో కూర్చోవాలో తేల్చుకోలేక గదిలోకి వెళ్ళి బల్ల కింద ఏదో వెతుక్కునేవారు.

తరవాత జరిగింది యోమ్‌గారి నోటనే విన్నాను. ఆవిడకు తెలియని విషయం ఉండదు (అందులో తన పాత్ర తప్ప). ఆవిడ తెర మీద బంతి కొట్టే గోల్ఫ్ గదికి వెళ్తుంటారు. తక్‌గారి కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూసే అధిపతి భార్య కూడా అక్కడికే వస్తుంది. "పాపం, మీ తక్‌గారు చాలా ధైర్యంగా ఉన్నారండీ," అన్నారట యోమ్‌గారు, సాధ్యమైనంత సున్నితంగా.

ఆ మాట ఇల్లు చేరింది. అధిపతిగారికి అన్నం సయించలేదు. తక్‌ని తీసేస్తున్న సంగతి బుందాంగ్ అంతా తెలిసిపోయి తనకొక్కడికే తెలియలేదంటే ఏమిటర్థం? చైర్మన్‌గారు తనను నమ్మడం మానేశారని కదా! పోనీ అడుగుదామంటే, అడిగినవాడు కనిపెట్టలేనివాడు అవుతాడు. కనిపెట్టలేనివాడికి ఆ కుర్చీ ఎందుకు? ఆయన తెలివైనవాడు. ఎవరినీ అడక్కుండా ప్రకటనలోంచి తక్‌గారి పేరు కొట్టేశాడు. పైన వైస్ చైర్మన్ చూశాడు. చైర్మన్‌గారే కొట్టించారని కనిపెట్టి ఊరుకున్నాడు. చైర్మన్‌గారు చూశారు. కిందివాళ్ళు ఏదో తప్పు పట్టి ఉంటారని కనిపెట్టారు.

"ఈ తక్ ఎవరు?" అన్నారట.

"లిఫ్టు బటన్లు చూస్తారండి."

"ఓహో," అని సంతకం పెట్టారు.

ప్రకటన వచ్చిన పొద్దున్న మా ఉపసంఘంలో వాతావరణం గంభీరంగా ఉన్నా, కొంచెం గర్వంగా కూడా ఉంది. "నేను చెప్పలా!" అన్నారు యోమ్‌గారు. వాహనము మారిన నెల తిరక్కుండా హోదా మారింది. నిబంధన అక్షరం పొల్లుపోకుండా అమలయింది. ఆ సాయంత్రం కంపెనీ కుర్రాళ్ళు ఆనవాయితీగా కారు తాళం కోసం వచ్చారు. కారు నాదేనన్నారు తక్‌గారు. వాళ్ళు కిందకు దిగి దాన్ని చూసి, మీ దగ్గరే ఉంచుకోండి సార్ అని వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక తక్‌గారు నీళ్ళ పంపు దగ్గరే నిలబడిపోయారు. నేను పలకరించక తప్పలేదు.

"ఒక్క మాట చెప్పండి అధ్యక్షులుగారూ," అన్నారు. "నా ఉద్యోగం పోతుందని నాకంటే ముందు మీ అందరికీ ఎలా తెలిసింది?"

"కనిపెట్టామండీ."

"కారు చూసా?"

"కారు చూసే."

ఈసారి నవ్వలేదు. "అమ్మాయి ఇంకా కాలేజీలో ఉందండీ," అన్నారు. "భయంగా ఉంది. ఒక్కడైనా ఎదురుగా వచ్చి, ఏమయ్యా, ఏమైంది అని అడిగి ఉంటే బాగుండేది." పంపు చప్పుడు ఎక్కువగా ఉందని చెప్పి లిఫ్టు ఎక్కేశాను.

జనవరి నెలలో ఓ బుధవారం. పొద్దున్న పదిన్నరకి హాన్ నది ఒడ్డున పార్కింగ్‌లో నేను కారులో ఉన్నాను. సీటు వెనక్కి వాల్చి, దుప్పటి కప్పుకుని, ఫ్లాస్కులో బార్లీ టీ తాగుతున్నాను. కమలాపండు రంగు కారు గర్జిస్తూ వచ్చి పక్కనే ఆగింది. దుప్పటి తల దాకా లాక్కున్నాను. ఆలస్యమైపోయింది. తక్‌గారు కిటికీ మీద తట్టారు.

"అధ్యక్షులుగారూ! ఇదేమిటి, ఆఫీసు లేదా?"

"మీటింగులో ఉన్నాను," అన్నాను.

"దుప్పటి కప్పుకునా?"

ఆయన నా పక్కసీటు చూశారు. రేకు కాగితంలో సగం తిన్న కింబాప్ అన్నం చుట్టలు, మడత నలగని టై, చదివేసిన పేపర్లు. మా వాళ్ళలో ఎవరైనా సరే అక్కడితో కనిపెట్టేసి, తల వంచి నమస్కరించి, ఏమీ చూడనట్టు వెళ్ళిపోయేవారు. ఈయనకు ఆ మర్యాద కూడా పోయింది. నేరుగా అడిగేశారు.

"మీరూనా? ఎప్పుడు?"

అంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. మా ఆవిడ కూడా అడగలేదు. ఆమె రోజూ పొద్దున్నే కింబాప్ చుట్టి ఇస్తుంది, సాయంత్రం ఆఫీసు ఎలా ఉందంటుంది, అంతే.

"పోయిన చలికాలం కాదు, అంతకుముందుది," అన్నాను. చల్లారిన టీ మళ్ళీ ఫ్లాస్కులోకి ఒంపేశాను.

ఆయన నా తలుపు తెరిచారు. "లేవండి. సముద్రానికి పోతున్నాం, పొద్దుగుంకేదాకా కాల్చిన గుల్లలు తినడానికి. వచ్చే నెల నుంచి ఓ చిన్న కంపెనీలో చేరుతున్నా, జీతం సగమే అనుకోండి. ఈలోగా తిరగాలిగా. వెనకసీటుంది, కాళ్ళు ముడుచుకుంటే పడతారు."

కారులోంచి హీజోంగ్‌గారు అరిచారు. "త్వరగా రండన్నయ్యగారూ, చలి లోపలికి కొడుతోంది! ఈ పూట నడిపేది నేను!"

నాకు వెళ్ళాలనే ఉంది. నిజంగా ఉంది. దుప్పటి సగం తీశాను కూడా. కానీ సముద్రం దాకా వెళ్తే ఏడింటికల్లా తిరిగి రాలేం. క్షమించండి, సాయంత్రం ముఖ్యమైన పని ఉందని చెప్పాను. కమలాపండు రంగు కారు వంతెన ఎక్కి కనుమరుగయ్యేదాకా ఆ మోత వినబడుతూనే ఉంది.

సరిగ్గా ఏడింటికి గేటు దగ్గర మేంగ్‌గారు లేచి నిలబడి సెల్యూట్ చేశారు. నా వాహనం మారలేదు కనుక, పద్నాలుగో నిబంధన ప్రకారం నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను.