ఎక్కడి వస్తువు అక్కడే

"ఈ రోజు నుంచి ఏ పౌరుడి కారులోనూ ఏ వస్తువూ తన స్థానం విడిచి కదలడానికి వీల్లేదు!" అని రవాణా మంత్రిగారు విలేకరుల సమావేశంలో బల్ల గుద్ది ప్రకటించారు. బల్ల మీదున్న నీళ్ళ గ్లాసు దొర్లి కింద పడి పగిలింది. దాన్నెవరూ పట్టించుకోలేదు. అది కారులో లేదు కదా.

ఇంత గొప్ప ఆలోచన మంత్రిగారికి ఊరికే రాలేదు. మొన్నామధ్య వారి కారుకు కుక్క అడ్డం వచ్చింది. డ్రైవరు సడన్ బ్రేకు వేశాడు. వెనక అద్దం దగ్గర నిలబెట్టి ఉన్న స్టీలు ఫ్లాస్కు ఎగిరొచ్చి, మంత్రిగారి కుడిచెవిని పలకరించి, ముందుకెళ్ళి డాష్‌బోర్డు మీద వాలింది. రోడ్ల మీద ఏళ్ళ తరబడి జనం తలలు పగులుతున్నా తెరుచుకోని జ్ఞాననేత్రం, చెవి కాస్త వాచేసరికి తెరుచుకుంది. అంత సున్నితమైన మనసు అందరికీ ఉండదు.

ఆ ప్రకటనకు అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు ముందుసీటు. అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది, కానీ పిలిచేవాళ్ళు లేక అది తుప్పు పట్టిపోయింది. మంత్రిగారు ఇంకా మంత్రి కాని రోజుల నుంచీ ఆయన కారులో డ్రైవరు పక్క సీటు అతనిదే. కార్లు మారాయి, డ్రైవర్లు మారారు, మంత్రిగారు పార్టీ కూడా ఓసారి మారారు. ఆ సీటులో మనిషి మాత్రం మారలేదు.

కారులో గ్లోవ్‌బాక్సు అనే అర ఉంటుంది. అందులో మంత్రిగారి కళ్ళజోడు, గొంతుబిళ్ళలు, దువ్వెన, రేపటి ప్రసంగం ఉండేవి. దాని మూత ఎప్పుడూ ముందుసీటు మోకాళ్ళ మీదికి తెరిచే ఉండేది, చెయ్యి పెడితే చాలు అన్నట్టు. ఊళ్ళో కారు ఆగితే మంత్రిగారు వెనక నల్లద్దాల చాటున మేలుకుని ఉన్నారో, నిద్రలో ఉన్నారో జనానికి తెలిసేది కాదు. కనపడే మొహం ముందుసీటుదే. అందుకని దణ్ణాలన్నీ అతనికే పడేవి. ఆ దణ్ణాల మీదే అతను బతుకుతున్నాడు.

దణ్ణాలతో ఇల్లు నడవదని వాళ్ళావిడ అభిప్రాయం.

"ఇన్నేళ్ళు కూర్చున్నావు. కోడి ఇందులో పదో వంతు కూర్చుని ఉంటే పిల్లల్ని లేపేసి ఉండేది. నువ్వు ఒక్క పదవీ పొదగలేదు" అనేది.

"ఈసారి ఖాయమే. మాటిచ్చారు" అన్నాడు ముందుసీటు, ప్రకటన రోజు సాయంత్రం.

నిజంగానే మాటిచ్చారు. విలేకరుల సమావేశం నుంచి తిరిగొస్తూ మంత్రిగారు వెనక సీటులోంచి అతని భుజం తట్టి, "ఒరేయ్, దీనికోసం 'వాహనాంతర వస్తు భద్రతా మండలి' అని కొత్తది పెడుతున్నాం. చైర్మన్ నువ్వే. నీకంటే ఎక్కువ కాలం కారులో గడిపినవాడు ఎవడున్నాడు?" అన్నారు. ఆ భుజాన్ని ముందుసీటు ఆ రాత్రి స్నానంలో కూడా తడవనివ్వలేదు.

ఉద్యమం మొదలైంది. భద్రతా కమిషనర్ గారు ఈ విషయం మీదే విదేశంలో శిక్షణ పొంది వచ్చారు. శిక్షణకు వెళ్ళేటప్పుడు విమానంలో తలపైన ఉండే అరలోంచి పెట్టె జారి వారి నెత్తిన పడిందని, అందుకే వారికి సబ్జెక్టు మీద అంత పట్టు అని ఆఫీసులో చెప్పుకుంటారు. ఆయన నిబంధనలు రాశారు. కారు నడుస్తున్నంతసేపూ గ్లోవ్‌బాక్సు మూసి ఉండాలి. నీళ్ళసీసాలు తలుపు అరల్లోనే ఉండాలి, దొర్లి బ్రేకు కిందికి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మూతలేని వేడి టీ కప్పు హోల్డర్లో పెట్టరాదు. లైటర్లు ఎండలో డాష్‌బోర్డు మీద వదలరాదు. బరువులు డిక్కీలో అడుగునే పెట్టాలి. వెనక అద్దం దగ్గర ఏమీ పెట్టరాదు.

చెప్పుకోవాలంటే ఇందులో ఒక్క తప్పు లేదు. ప్రభుత్వ నిబంధనల్లో అలా జరగడం అరుదు. కాబట్టి అమలు చేసేవాళ్ళు మరింత జాగ్రత్త పడ్డారు. కూడలిలో ఒక కానిస్టేబులు కారాపి, హోల్డర్లో పొగలు కక్కుతున్న టీ చూసి, "ఇది ప్రమాదకరం" అని స్వాధీనం చేసుకుని, చల్లారేలోపే నాశనం చేశాడు. ఇంకొకచోట ఒక తల్లి ఒళ్ళో పిల్లాడు, పిల్లాడి ఒళ్ళో కుక్కబొమ్మ.

"బొమ్మకి హోల్డరేదమ్మా?" అన్నాడు కానిస్టేబులు.

"పిల్లాడు పట్టుకున్నాడుగా బాబూ."

"పిల్లాడికి హోల్డరేది?"

"నేను పట్టుకున్నాగా."

"సరే, బొమ్మ ఇలా ఇచ్చి మీరు వెళ్ళండి."

ఇలా ప్రజల్లో చైతన్యం పెరగసాగింది. చైతన్యం పెరిగినచోటల్లా సభ పెట్టారు. సభ పెట్టినచోటల్లా మంత్రిగారికి జ్ఞాపిక ఇచ్చారు. మొదటి ఊళ్ళో చెక్కది. రెండో ఊరు మొదటి ఊరికి తీసిపోకూడదని గాజుది. మూడో ఊళ్ళో పాలరాతి గ్లోవ్‌బాక్సు, దాన్ని వేదిక ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. 'కారులో బరువులు వద్దు' అని దాని మీద చక్కగా చెక్కి ఉంది. అవన్నీ మంత్రిగారి కారులో వెనక అద్దం దగ్గర, సీట్ల మధ్య, కాళ్ళ దగ్గర చేరాయి.

"అన్నా, ఇవన్నీ నా మెడ వెనకే ఉన్నాయి" అన్నాడు డ్రైవరు ముందుసీటుతో.

"ప్రజల అభిమానంరా అది."

"ఆ అభిమానం బరువు చూశావా? బ్రేకు వేస్తే నా బుర్రకాయ గేరు పక్కన పడుతుంది. పొద్దున ఆ గాజు గోళం దొర్లుకుంటూ వచ్చి బ్రేకు కింద దూరింది. మంత్రిగారు ప్రసంగం చదువుకుంటున్నారు కాబట్టి చూసుకోలేదు. నేను కాలితో తన్ని బయటికి లాగేలోపు లారీ మొహంలో మొహం పెట్టాను."

"డిక్కీలో పెట్టకపోయావా?"

"డిక్కీ నిండా కరపత్రాలే. 'డిక్కీని నింపకండి' అని."

ముందుసీటు గంభీరంగా తలూపాడు. చైర్మన్ అయ్యాక మొదటి సంతకం దీని మీదే పెట్టాలని నిర్ణయించుకున్నాడు. సంతకం ఎలా ఉండాలో కూడా అప్పటికే వాళ్ళావిడ రాసిచ్చిన సరుకుల చీటీ వెనక సాధన చేస్తున్నాడు.

అసలు ఘట్టం పెద్ద సభలో జరిగింది. కార్ల డీలర్లందరూ కలిసి మంత్రిగారికి నడుమెత్తు కంచు విగ్రహం బహూకరించారు. పెట్టెను రెండు చేతులతో గుండెకు హత్తుకుని కూర్చున్న మనిషి. 'బాధ్యత గల పౌరుడు' అని పేరు. ముఖం దగ్గరికి వచ్చేసరికి శిల్పికి టైం చాల్లేదు. కన్ను, ముక్కు, నోరు లేకుండా నున్నగా వదిలేశాడు. విలేకరులు ఫొటోలు తీసుకుని, "కారులో ఎక్కిస్తుంటే ఇంకోటి తీసుకుంటాం సార్" అన్నారు. ఇక ఎక్కించక తప్పలేదు.

కమిషనర్ గారు టేపు పట్టుకుని కారు చుట్టూ తిరిగారు. వంగారు, లేచారు, చెమట తుడుచుకున్నారు.

"సార్, ఇంత బరువును ఊరికే పెడితే లూజ్ ఆబ్జెక్ట్ కిందికి వస్తుంది. బెల్టు ఉండాలి. వెనక మీరు, మీ జ్ఞాపికలు. టెక్నికల్‌గా చూస్తే ముందు సీటు ఒక్కటే సేఫ్."

"మరి నేనండీ?" అన్నాడు ముందుసీటు.

మంత్రిగారు అతని వైపు వాత్సల్యంగా చూశారు. "నువ్వు మనిషివిరా. ఎక్కడైనా సర్దుకుంటావు. అది సర్దుకోలేదు పాపం."

నలుగురు ఎత్తి కంచు పౌరుణ్ణి ముందు సీటులో కూర్చోబెట్టారు. బెల్టు పెట్టారు. చప్పట్లు మోగాయి. ఆ సీటులో అన్నేళ్ళు కూర్చున్నా ముందుసీటు ఒక్కనాడు బెల్టు పెట్టుకున్నవాడు కాదు. చొక్కా నలిగిపోతుందని బెంగ. అతన్ని చివరి వరసలో పూలగుత్తులకీ కరపత్రాలకీ మధ్య సర్దారు. గ్లోవ్‌బాక్సు మూత మొట్టమొదటిసారి మూసుకుంది. ఆ చప్పుడు అతని గుండెల్లో వినపడింది.

దారిలో ఓ ఊళ్ళో కారు ఆగింది. జనం ఎప్పటిలాగే ముందు అద్దం దగ్గరికి ఎగబడ్డారు. ఎప్పటిలాగే దణ్ణాలు పెట్టారు. అద్దం దించి ఉంది. కంచు పౌరుడు హత్తుకున్న పెట్టె పైన తెరిచి ఉంది. అర్జీలు అందులో వేశారు.

"నేనిక్కడున్నానర్రా!" అని వెనక నుంచి ముందుసీటు చెయ్యి ఊపాడు. పూలగుత్తి అడ్డం వచ్చి అది ఎవరికీ కనపడలేదు.

"ఈయన మాట్లాడట్లేదేంటి?" అన్నాడొకడు.

"పెద్దమనిషిరా. పాతాయనలా 'రేపే అయిపోద్ది, ఎల్లుండే అయిపోద్ది' అని నోరు పారేసుకోడు" అంది ఒక ముసలమ్మ. "కూర్చున్న తీరు చూడు, ఎంత నిదానమో."

ఆ రాత్రి భోజనాల దగ్గర వాళ్ళావిడ అడిగింది. "టీవీలో చూశాను. నీ సీటులో ఎవడో ఉన్నాడు?"

"ఎవడూ కాదు. విగ్రహం."

"మొహం లేదే?"

"చేసేవాడికి టైం చాల్లేదు."

"అయితేనేం. నీకంటే హుందాగా ఉన్నాడు."

"చైర్మన్ అయితే నాకే కారిస్తారే. అప్పుడు వెనక సీటులో కూర్చుంటా" అన్నాడతను. ముందు సీటు ఎలాగూ పోయింది. ఇక చైర్మన్ కుర్చీ కూడా రాకపోతే, ఇంటి నుంచి వీధిలోకి ఏ మొహం పెట్టుకుని నడవాలో అతనికి తెలియదు.

చైర్మన్‌ను తేల్చడానికి గెస్ట్‌హౌస్‌లో సమావేశం పెట్టారు. ముందుసీటు ఇస్త్రీ చొక్కాతో వెళ్ళాడు. అక్కడ ఇంకా రెండు ఇస్త్రీ చొక్కాలున్నాయి. ఒకటి మంత్రిగారి బావమరిదిది. రెండోది పార్టీ జిల్లా అధ్యక్షుడిది.

"బావమరిదికి ఇస్తే నేను పొద్దున్నే రాజీనామా చేస్తా. నాతో పాటు జిల్లా అంతా చేస్తుంది" అన్నాడు అధ్యక్షుడు.

"ఈయనకిస్తే అక్కకి చెప్తా" అన్నాడు బావమరిది.

మంత్రిగారు జిల్లా రాజీనామాకు చలించలేదు కానీ రెండో మాటకు కుర్చీలో కాస్త సర్దుకున్నారు.

"పోనీ మనవాడికిద్దామా?" అని ముందుసీటు వైపు చూపించారు.

అంతవరకూ ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరూ ఒక్కసారిగా ఏకమయ్యారు. "వీడికా! కారులో కూర్చోవడం తప్ప వీడికేం తెలుసు?"

"ఇప్పుడదీ లేదుగా" అని బావమరిది చేర్చాడు.

ముందుసీటు నోరు తెరిచాడు. అన్నేళ్ళూ మంత్రిగారి మాటలు జనానికి చేరవేసిన నోరు. సొంత మాట ఒక్కటి వెతికితే దొరకలేదు.

మంత్రిగారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. బయట కారు ఆగి ఉంది. ముందు సీటులో కంచు పౌరుడు పొద్దున ఎలా కూర్చున్నాడో అలాగే కూర్చుని ఉన్నాడు.

"ఆయన మీద మీకేమైనా అభ్యంతరమా?" అన్నారు మంత్రిగారు మెల్లగా.

ఇద్దరూ కిటికీ దగ్గరికి వెళ్ళి చూశారు.

"ఏ వర్గం?" అన్నాడు అధ్యక్షుడు అనుమానంగా.

"ముఖమే లేదు కదయ్యా."

"బంధువులు?" అన్నాడు బావమరిది.

"ఒక్కడు కూడా లేడు."

"రేపు నా మీద స్టేట్‌మెంట్ ఇస్తే?"

"నోరుంటేగా."

అధ్యక్షుడు బావమరిదికి రాలేదన్న తృప్తితో ఒప్పుకున్నాడు. బావమరిది అధ్యక్షుడికి రాలేదన్న తృప్తితో ఒప్పుకున్నాడు. పార్టీలో అలాంటి ఐకమత్యం అంతకుముందు ఎవరూ చూడలేదు. కమిషనర్ గారిని పిలిపించారు. ఆయన నిబంధనలు మొదటి నుంచి చివరి దాకా తిరగేసి, కళ్ళజోడు తీసి తుడిచి, గంభీరంగా అన్నారు.

"చైర్మన్ ఊపిరి పీల్చాలని ఎక్కడా లేదు సార్. సంతకం బదులు ముద్ర చాలు. ఇంకో మాట. మన నిబంధనలన్నీ పూర్తిగా పాటిస్తున్నవారు ఇప్పటిదాకా వారొక్కరే."

ఆ మాటకి మంత్రిగారి కళ్ళు చెమర్చాయి.

"అయ్యా, నాకిచ్చిన మాట..." అన్నాడు ముందుసీటు ఎట్టకేలకు.

"నిన్ను మరిచిపోతానట్రా? చైర్మన్‌గారు బరువైన మనిషి. మలుపుల్లో బెల్టు ఒక్కదానికే ఆగడం లేదు. వెనక నుంచి పట్టుకోవడానికి నమ్మకస్తుడు కావాలి. నీకంటే ఎవడున్నాడు?"

మర్నాడు ప్రమాణ స్వీకారం జరిగింది. చైర్మన్‌గారు ప్రసంగించలేదు. ఇంత క్లుప్తంగా ముగించిన వక్తను తామెన్నడూ చూడలేదని పత్రికలు రాశాయి.

తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు వచ్చింది. ముందుసీటు రెండో వరసలో సీటు అంచున కూర్చుని, చైర్మన్‌గారి భుజాలు రెండు చేతులా పట్టుకున్నాడు. కంచు చల్లగా తగిలింది. పక్కన మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు. పెద్ద మలుపులో చైర్మన్‌గారు ఒక పక్కకి ఒరిగారు. ముందుసీటు లాగి నిలబెట్టాడు. బెల్టు బిగించాడు. జేబురుమాలు తీసి, ముఖం ఉండవలసిన చోట దుమ్ము తుడిచాడు. డ్రైవరు చూడటం లేదని రూఢి చేసుకుని, వంగి చెవి ఉండవలసిన చోట నోరు పెట్టాడు.

"సార్, చాలా ఏళ్ళుగా ఉన్నాను. నా సంగతి కాస్త గుర్తుంచుకోండి."

మంత్రిగారు ఒక కన్ను తెరిచారు. "ఏమంటున్నార్రా చైర్మన్‌గారు?"

ముందుసీటు వినయంగా చేతులు కట్టుకోబోయి, మలుపు గుర్తొచ్చి మళ్ళీ ఆ భుజాలు పట్టుకున్నాడు.

"చూద్దామన్నారండీ."