జేదో వంతు నాలుగో ఏడు మే నెలలో

మా కౌంటీ ఇంటిబడి తల్లుల సంఘం ప్రకటించే ఉత్తమ చరిత్ర యాత్రా ప్రణాళిక పురస్కారం ఈ సంవత్సరం శ్రీమతి రోవెనా హుడాక్‌కు ఏకగ్రీవంగా లభించిందని సంఘ కార్యదర్శిగా తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే తల్లులం పద్నాలుగు మందిమి ప్రతి గురువారం చర్చి నేలమాళిగలో కలుస్తాం. ఎవరి పిల్లలు ఎంత వెనకబడ్డారో మర్యాదగా కనుక్కుంటాం. అలాంటి సభలో ఏకగ్రీవంగా ఏదైనా జరగడం ఇదే మొదలు.

రోవెనా సిద్ధాంతం చాలా సరళమైనది. చరిత్ర వరసగా జరిగింది కాబట్టి వరసగానే చూడాలి. నాలుగేళ్లు, నలభై ఒక్క యాత్రలు. మొదటి ఏడు ప్రాచీనులు, రెండో ఏడు మధ్యయుగాలు, మూడో ఏడు యూరప్ నుంచి వచ్చి ఇక్కడ పడవలు దిగినవాళ్లు మొదలుకొని 1850 దాకా, నాలుగో ఏడు మిగతాదంతా. "వరస తప్పిందా, పిల్లల బుర్రలో శతాబ్దాలు కలిసిపోతాయి. ఒకసారి కలిశాక ఎవరూ విడదీయలేరు," అని ఆమె అన్నప్పుడు మేమంతా రాసుకున్నాం. భోజనాల గది గోడ చుట్టూ ప్లాస్టిక్ పూత వేయించిన కాలరేఖ అంటించింది. ప్రాచీనులకు బోలెడంత గోడ దొరికింది. పందొమ్మిదో శతాబ్దం మెట్లెక్కాల్సి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దానికి స్నానాలగదిలో తప్ప చోటు లేకపోయింది. పిల్లలు రోజూ వెళ్లే చోటు కనుక దానిమీద తువ్వాలు కప్పింది.

మా పెన్సిల్వేనియాను కట్టినవాళ్లు మాత్రం ఈ క్రమాన్ని దృష్టిలో పెట్టుకోలేదు. అయినా రోవెనా అధైర్యపడలేదు. గ్రీకు నాగరికతను ఊళ్లో గ్రీకులు నడిపే హోటల్లో మధ్యాహ్న భోజనంతో పూర్తిచేసింది. రోమన్ సామ్రాజ్యానికి కోర్టు మెట్ల మీద, స్తంభాల నీడలో, గంటన్నర కేటాయించింది. మధ్యయుగాల కోసం మేరీలాండ్ దాకా వెళ్లారు. అక్కడి విందు ప్రదర్శనలో గుర్రాల మీద వీరులు పొడుచుకుంటుంటే పిల్లలు చేతులతో కోడికాళ్లు తిన్నారు. దారిలో అంతర్యుద్ధపు రణభూమి గెటిస్‌బర్గ్ తగిలింది. ఆ యుద్ధానికి ఇంకా ఏడెనిమిది వందల ఏళ్లు ఉంది. కాబట్టి మొదటి ఫిరంగి కనబడగానే కళ్లు మూసుకుని, ఆఖరి ఫిరంగి దాటాక తెరవాలని ఆజ్ఞ అయింది. ఆమె భర్త డ్వేన్ కారు నడుపుతున్నందువల్ల ఆయనకు ఒక కన్ను మినహాయింపు ఇచ్చారు.

ఈ ప్రణాళికలో చిక్కు ఒక్కటే. అది ఇంట్లోనే, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉండేది. డ్వేన్ తాత, సిరిల్ హుడాక్. వాళ్ల స్లోవాక్ అలవాటు ప్రకారం ఇంటిల్లిపాదీ ఆయన్ని జేదో అని పిలిచేవాళ్లు. ప్రణాళిక మొదలైననాటికి ఆయనకు తొంభై ఏళ్లు. కుర్రతనంలో బొగ్గుగని కూలిపోతే మూడు రోజులు లోపల ఉండిపోయి బయటికి వచ్చిన మనిషి. మెడలో సిలువ పక్కన 318 అని చెక్కిన ఇత్తడి బిళ్ల ఉండేది.

రోవెనా కూతురు, ఎనిమిదేళ్ల మెర్సీ ఒకరోజు ఆ బిళ్ల పట్టుకుంది. "జేదో, ఇదేంటి?"

"ఇదా? గనిలోకి దిగేముందు ఇలాంటిదే ఇంకోటి పైన బోర్డుకి తగిలించి దిగాలి. పని అయ్యాక కూడా బిళ్ల బోర్డుమీదే ఉందనుకో, ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. నాది మూడు రోజులు వేళ్లాడింది. లోపల నేనూ, బొగ్గు బండి లాగే ఒక కంచరగాడిదా. చిమ్మచీకటి. మా ఇద్దర్లో బుర్ర ఎవరికి ఎక్కువో చెప్తా విను..."

వంటింట్లోంచి రోవెనా పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "జేదో! ఆపండి! పిల్లలింకా పిరమిడ్ల దగ్గరే ఉన్నారు!"

"ఉంటే ఏం? గాడిదలు అక్కడా ఉంటాయిగా."

"మీకు నాలుగో ఏడు మే నెల ఇచ్చాను. పూర్తిగా రెండు గంటలు. ప్రశ్నలు కూడా టైపు చేసి పెట్టాను, చూడండి."

జేదో కళ్లజోడు పెట్టుకుని చూశారు. "నాలుగో ఏడా? నాకు తొంభై ఏళ్లమ్మా!"

"అందుకే కాస్త ఒళ్లు జాగ్రత్తగా చూసుకోండి."

అన్నమాట నిలబెట్టుకునే మనిషి రోవెనా. ఆ రోజునుంచే ఆయనకు వెన్నలో వేయించిన క్యాబేజీ, నూడుల్స్ ఆపించి ఓట్స్ గంజి మొదలుపెట్టింది. చారిత్రక సంపద పరిరక్షణ అంటే ఏమిటో మాకు అప్పుడే తెలిసింది.

రెండేళ్లు సజావుగా గడిచాయి. జేదోకు వేరే పనిలేదు కనుక ప్రతిరోజూ కాలరేఖ వైపు చూసి మెర్సీని పిలిచేవారు. "ఇవాళ ఏ సంవత్సరంలో ఉన్నామే?"

"1620, జేదో."

"పడవ దిగారా?"

"రేపు దిగుతారు."

"తొందరగా దిగమను. ఇక్కడ నాకు తొంభై రెండు."

మూడో ఏడు వెన్న శకం. మా ప్రాంతంలో వలసకాలపు ఇల్లు ఏదైనా సరే, ఆ కాలపు టోపీ పెట్టుకున్న ఒకావిడ పిల్లల చేతికి కవ్వం ఇస్తుంది. మెర్సీ, ఆమె అన్న ఎజ్రా ఒక్క శీతాకాలంలో పదకొండు ఇళ్లలో వెన్న చిలికారు. చట్టప్రకారం ఇంటిబడి పిల్లల్ని ఏటా పరీక్షించే శ్రీమతి ప్రోబర్ట్, వలసవాదులు ఎందుకు వచ్చారని అడిగితే, ఎజ్రా తడుముకోకుండా "వెన్న కోసం" అన్నాడు. ప్రత్యక్షానుభవం వల్ల కలిగే ఆత్మవిశ్వాసం వేరని ఆవిడ మెచ్చుకున్నారు.

ఆ శీతాకాలంలోనే రెండు సంఘటనలు జరిగాయి. ఒకటి, డాక్టరు జేదో జ్ఞాపకశక్తిని పరీక్షిస్తూ ఇది ఏ సంవత్సరమని అడిగాడు. "మీ దగ్గర సంగతి నాకు తెలీదు బాబూ. మా ఇంట్లో 1682," అన్నారు జేదో. డాక్టరు ఏదో రాసుకున్నాడు. రెండోది, పక్క ఊరి బొగ్గుగని మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ప్రమాదం నుంచి బయటపడిన వాళ్లలో మిగిలింది హుడాక్ గారొక్కరే, వచ్చి ఆయన మాటలు రికార్డు చేసుకుంటాం, ఏ రోజైనా ఫరవాలేదు అని రాశారు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. రోవెనా ఆ ఉత్తరానికి ఒక్క నిమిషంలో మూడు రంధ్రాలు చేసి, 'నాలుగో ఏడు, మే' ఫైల్లో పెట్టేసింది. మా ఇంట్లో కరెంటు బిల్లు కూడా అంత వేగంగా ఫైలుకు ఎక్కదు. నేను అసూయపడ్డానని ఒప్పుకుంటున్నాను.

"ఆయన్ని ఒకమాట అడగొద్దూ?" అన్నాను.

"ఇప్పుడు చెప్పేస్తే మేలో ఏం మిగులుతుంది? పైగా డాక్టరుకు ఆయన చెప్పిన జవాబు విన్నావుగా. ముందు ఆయన సంవత్సరం సరిగ్గా చెప్పనీ," అంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం జేదో మెర్సీని దగ్గరికి పిలిచారట. గొంతు బాగా తగ్గిపోయింది. "ఎక్కడున్నామే?"

"1787. రాజ్యాంగం రాస్తున్నారు."

"పోనీ, గాడిద పేరు ఒక్కటీ చెప్పనా? పేరే కదా."

మెర్సీ వంటింటి వైపు చూసింది. ఆ పిల్ల క్రమశిక్షణ గురించి సంఘంలో అందరికీ తెలుసు. "మేలో చెప్పు జేదో," అంది.

జేదో మంగళవారం పొద్దున, రాజ్యాంగం మీద సంతకాలు పడకముందే పోయారు. గురువారం, ఆ రాజ్యాంగం రాసిన ఊరు ఫిలడెల్ఫియా యాత్రకు టికెట్లు కొని ఉండటంతో అంత్యక్రియలు శుక్రవారం జరిపారు. సంగీతం, మతం, గృహవిజ్ఞానం మూడూ కలిసి వచ్చినందున ఆ శుక్రవారాన్ని బడిరోజుగా నమోదు చేశారు. రోవెనా ఏడ్చిందంటే నటన అనుకోవద్దు. గుండె పగిలేలా ఏడ్చింది. "ఇంకొక్క పదిహేను నెలలు ఆగలేకపోయారే," అంది. ఇత్తడి బిళ్లను పారదర్శకమైన సంచిలో పెట్టి, అదే ఫైల్లో, ఉత్తరం వెనక భద్రపరిచింది.

నాలుగో ఏడు మే నెల అనుకున్న తేదీకే వచ్చింది. సంఘమంతా కలిసి గని మ్యూజియానికి వెళ్లాం. గైడు పెద్దాయన, ఓపికగల మనిషి. మమ్మల్ని ఒక చెక్కబోర్డు ముందు నిలబెట్టాడు. దాని నిండా మేకులు, ఒకే ఒక్క మేకుకు బిళ్ల.

"ఈ 318 మూడు రోజులు ఇలాగే వేళ్లాడింది. ఆ కుర్రాడు ఒక్కడే లోపల ఎలా బతికాడో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. మేం ఉత్తరం కూడా రాశాం. జవాబు రాలేదు. ఆ తర్వాత పేపర్లో చూశాం, పోయాడని."

"ఒక్కడే కాదు. కంచరగాడిద కూడా ఉంది," అంది మెర్సీ.

గైడు ఆమె దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "గాడిదా? నీకెవరు చెప్పారమ్మా?"

"మా జేదో. ఆ బిళ్ల ఆయనదే."

"మీ ఇంట్లోనే ఉండేవాడా?"

"కిటికీ పక్కన."

గైడు జేబులోంచి పెన్ను తీశాడు. "ఏం చెప్పాడు తల్లీ? నీకు గుర్తున్నంతవరకు చెప్పు. నెమ్మదిగా."

మెర్సీ అమ్మ వైపు చూసింది. రోవెనా చేతిలో ఫైలు తెరిచి ఉంది. ఉత్తరం, దాని వెనక బిళ్ల, వాటి వెనక టైపు చేసిన ఇరవై నాలుగు ప్రశ్నలు, ప్రతి ప్రశ్న కిందా జవాబుకు మూడేసి గీతలు.

"చెప్తానన్నాడు. అప్పుడు మేం వేరే సంవత్సరంలో ఉన్నాం," అంది మెర్సీ.

గైడు పెన్ను మూశాడు. రోవెనా ఎజ్రా చేతికి పెన్సిలిచ్చి బోర్డు బొమ్మ గీయమంది. బయట దుకాణంలో పిల్లలందరికీ నల్ల చక్కెరతో చేసిన బొగ్గుగడ్డలు కొనిపెట్టాం.

ఇప్పుడా బోర్డు పక్కన కొత్త చీటీ వెలసింది. 'లోపల ఒక కంచరగాడిద కూడా ఉన్నట్టు తెలుస్తోంది. వివరాలు అలభ్యం.' మా సంఘం పిల్లలు మ్యూజియానికి అందించిన పరిశోధనగా దీన్ని వార్షిక నివేదికలో చేర్చాం. పురస్కార సభలో శ్రీమతి ప్రోబర్ట్ మాట్లాడుతూ, "నలభై ఒక్క యాత్రల్లో ఒక్కటి కూడా తేదీ మారకపోవడం నా ముప్ఫై ఏళ్ల అనుభవంలో చూడలేదు. గ్రీసు నుంచి గని దాకా ప్రతిదీ దాని స్థానంలో ఉంది. తల్లి అంటే ఇలా ఉండాలి," అన్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. మెర్సీ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. క్రమశిక్షణ గల పిల్ల కదా, అలిసిపోయి ఉంటుంది.

రోవెనా తన ప్రణాళికను మా అందరికీ ఉచితంగా ఇచ్చింది. సెప్టెంబరు నుంచి మా ఇంట్లోనూ అదే అమలవుతోంది. మా అత్తగారికి ఎనభై ఆరేళ్లు. చొక్కాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు కుట్టిన మనిషి. సమ్మె చేసిన ఏడాది పోలీసు బండిలోంచి ఎలా తప్పించుకున్నారో నిన్న అల్పాహారం దగ్గర మా పిల్లలకు చెప్పబోయారు. సమయానికి నేను వచ్చాను కాబట్టి సరిపోయింది. మేమింకా ఈజిప్టులోనే ఉన్నాం. పట్టిక తీసి చూపించి, ఆవిడకు నాలుగో ఏడు ఏప్రిల్ ఉందని, కాస్త ఓపిక పట్టమని చెప్పాను.

ఈ పూట నుంచి ఆవిడకు కూడా ఓట్స్ గంజే.