శ్యాంప్రసాద్ టబ్బు సత్యాగ్రహం

షార్జాలో శ్యాంప్రసాద్ అద్దెకుంటున్న ఫ్లాట్లో ఒక స్నానాల టబ్బు ఉంది. ఒకప్పుడు తెల్లనిదే. ఇప్పుడు నలుగు పెట్టిన పెళ్ళికూతురిలా పచ్చబడింది. పెచ్చులూడి, పడుకున్నవాడి వీపు గీరేస్తోంది.

బిల్డింగ్ కాపలా నూర్ మొహమ్మద్ వచ్చి చూసి, పెదవి విరిచాడు.

"ఖలాస్ సాబ్. ముదీర్, అదే మన బిల్డింగ్ మేనేజరు, దీన్ని పగలగొట్టేసి షవర్ పెట్టమన్నాడు."

"పగలగొట్టడానికి అదేమన్నా కొబ్బరికాయా? వారం టైమివ్వు. నేనే కొత్తదానిలా చేస్తా!"

వంటింట్లోంచి భార్య కాత్యాయని గొంతు వినిపించింది. "పోయినేడు ఈయనే కాలింగ్ బెల్ బాగుచేశారు భయ్యా. అప్పట్నుంచీ నొక్కితే మోగదు, మేం పడుకుంటే మోగుతోంది."

"కాకినాడలో మా ఇంట్లో పదమూడుమందిమి! కాళ్ళు చాపుకుని స్నానం చేసే యోగం నాకు ఈ దేశంలోనే పట్టింది. వదిలేదే లేదు!"

సెలవురోజు పూత సామాను తెచ్చాడు. రంగు డబ్బా ఒకటి, అది గట్టిపడ్డానికి కలిపే మందు ఒకటి, నాలుగు పేజీల కాగితం ఒకటి.

"కాగితం చదవరా?" అంది కాత్యాయని.

"ఇంజనీర్లు చదవరు. చేస్తారు."

"మీరు హెచ్చార్ కదండీ?"

"మనుషుల్నే దార్లో పెడుతున్నా. టబ్బెంత!"

గరుకు కాగితంతో రుద్దుడు మొదలెట్టాడు. గంటకి నెత్తి నుంచి కాళ్ళదాకా తెల్లటి పొడితో తలుపు తీసేసరికి, తోడుకి మజ్జిగ అడగొచ్చిన పై ఫ్లాటు వీరదుర్గ గిన్నె అక్కడే వదిలేసి లిఫ్టు కూడా ఎక్కకుండా మెట్లమీద పరిగెత్తింది.

పూత కలిపేటప్పుడు మందు ఘాటుకి ముక్కు మండింది. సగమే పోసి మూత పెట్టేశాడు. మర్నాటికి టబ్బు పాలలా మెరిసింది.

రెండు రోజులు ముట్టుకోవద్దని కాగితంలో ఉంది. కాగితం చదివినవాళ్ళకి కదా తెలిసేది! నూర్ మొహమ్మద్‌ని పిలిపించి, వాడి కళ్ళముందే లుంగీతో దర్జాగా దిగి కూర్చున్నాడు.

"చూశావా? రాయిలా గట్టిపడింది!"

"బాగుంది సాబ్. లేవండి, ఫొటో తీసి ముదీర్‌కి పంపుతా."

శ్యాంప్రసాద్ లేవబోయాడు. ముఖం రంగు మారింది. మళ్ళీ సర్దుకున్నాడు.

"లేవను."

"ఎందుకు?" అంది కాత్యాయని.

"సత్యాగ్రహం! టబ్బు తీసెయ్యమన్న ముదీర్‌నే ఇక్కడికి రమ్మను. తీసుకెళ్తే నన్నూ టబ్బునీ కలిపే తీసుకెళ్ళాలి!"

"విడివిడిగా తీసుకెళ్ళడం ఎలాగూ కుదిరేట్టు లేదు," అని కాత్యాయని నూర్ మొహమ్మద్‌ని బయటికి పంపి, కత్తెర తెచ్చింది.

లుంగీ సగం శ్యాంప్రసాద్‌తో వచ్చింది. మిగతా సగం ఆకుపచ్చ గళ్ళతో టబ్బు అడుగునే స్థిరపడింది.

"నవ్వు. నవ్వెయ్. పగలగొట్టమని చెప్పు," అన్నాడు నీరసంగా.

కాత్యాయని నవ్వలేదు. కొంగు దోపింది. "ఎవడో ముదీర్ ముందు మా ఆయన ఓడిపోతే నేను చూస్తూ కూర్చుంటానా? ఇంకో డబ్బా తెండి."

నాలుగు పేజీలూ చదివింది. పాత పూతంతా గీకించింది, కొలిచి కలిపింది, తనే రాసింది. రెండు రోజులు బాత్రూం గుమ్మానికి అడ్డంగా కుర్చీ పెట్టింది. మూడోరోజు ముదీర్ వచ్చి, వేలితో తడిమి చూసి, "మాషా అల్లా! ఉండనీ," అన్నాడు.

ఆ సాయంత్రం శ్యాంప్రసాద్ తువ్వాలు భుజాన వేసుకుని, ఈలేసుకుంటూ వెళ్ళేసరికి లోపల గడియ పడి ఉంది. నీళ్ళ చప్పుడు.

"కాత్యాయనీ! అది నా టబ్బు!"

"మీదే. కాదన్నానా?" అంది లోపల్నుంచి హాయిగా. "పైన పూత మాత్రం నాది. దానికి తగలకుండా కూర్చోగలిగితే రేపట్నుంచి మీరే వాడుకోండి."