కాశీబుగ్గ డిస్కు సమరము

వినుడు, వినుడు! వ్యయనామ సంవత్సర శ్రావణ బహుళమందు ఒకానొక సోమవారమున, ఉదయము పది గంటల శుభవేళ, ఉత్తరమున మహేంద్రగిరియు తూర్పున లవణసముద్రమును ఇరుప్రక్కల కావలి కాయుచుండ, ఏ వీథి త్రొక్కినను జీడిగింజలు కాలిన పొగ ఎదురేగి అతిథిమర్యాద సేయునట్టి కాశీబుగ్గ పట్టణమున, ఒక మేడక్రింది గదిలో, ఛాయాగ్రహణ చక్రవర్తి, వివాహమహోత్సవ వీడియోవీరుడు, పాస్‌పోర్టుసైజు ప్రదాత యగు శ్రీమాన్ తిరుమలరావు తన నూతన కంప్యూటరునకు ఎదురుగా ఆసీనుడై, అరచేత ఒక నల్లని డబ్బాను ధరించి, గోడమీది కేలండరు రెపరెపలాడునట్లు నిట్టూర్చెను.

ఆ డబ్బా సామాన్యమైనది కాదు. చూచుటకు సబ్బుపెట్టె అంతే యుండును గాని, దాని గర్భమున ఒక లాప్‌టాపు హార్డ్‌డిస్కు యోగనిద్ర సేయుచుండును. ఆ డిస్కునందు మూడేండ్లుగా పట్టణము చుట్టునుగల ఉద్దానపు పల్లెలలో జరిగిన పెండ్లిండ్లు, ఓణీల ఫంక్షన్లు, గంగమ్మ సంబరములు, అన్నియు కలిపి పదునెనిమిది వేల ముఖములు కాపురముండును. ఫిల్ము రోజులలో నెగటివులు రేకుపెట్టెలో పడియుండెడివి. చెదలు తినినను సగము మిగిలెడివి. డిజిటలు యుగము వచ్చినది, రేకుపెట్టె పాత సామానులవాని పాలైనది, సర్వమును ఈ సబ్బుపెట్టెలోనికి చేరినది. దీనినే జనులు అభివృద్ధి యందురు. నేను కాదనను.

ఇక వీరుని వంశము. తిరుమలరావు ఉద్దానపు జీడిరైతు బిడ్డ. తండ్రి ఢిల్లేశ్వరరావు ఆరెకరముల జీడితోటకు ఏలిక. ఆయన కొడుకునకిచ్చిన ఆస్తిలో మొదటిది ఒక ధర్మసూత్రము: గుంటకు రెండు గింజలు నాటుము, రెండును మొలిచినచో బక్కదానిని పీకి పారవేయుము, ఒక గుంటలో రెండు తలలున్నచో రెండును చెడును. ఈ సూత్రమును తిరుమలరావు తోటలోనే వదలి రాక పట్నమునకు వెంట తెచ్చుకొనెను. విశాఖపట్నమున ఆ డబ్బాను కొన్ననాడు, దాని తీగ చివర రెండు తలలుండుటయు, ఒకటి లావుగా రెండవది సన్నగా ఉండుటయు చూచి, సన్నది బక్కమొలకయని క్షణములో తీర్పు చెప్పెను. కోసివేయుటకు మాత్రము చేయి రాలేదు, కొత్త వస్తువు గదా! కావున కొబ్బరిపీచు తాడుతో ఆ సన్నతలను తీగ మెడకే బిగగట్టి మూడు ముళ్లు వేసెను. లావుతల ఒక్కదానితోనే పాత కంప్యూటరు మూడేండ్లు నిక్షేపముగా పని చేసెను. దానితో అతనికి తండ్రిమాట వేదవాక్కైనది.

అట్టి పాత కంప్యూటరు ఆషాఢమాసపు పిడుగునకు ఎదురొడ్డి వీరస్వర్గమలంకరించెను. దాని సింహాసనమున, పలాసలో సగము కంప్యూటర్లకు పురుడు పోసిన అసెంబ్లింగు ఆచార్యుడు సూర్యప్రకాష్ స్వహస్తములతో కూర్చిన కొత్త యంత్రము రెండు దినముల క్రిందట పట్టాభిషిక్తమైనది.

ఆ ఉదయమే సముద్రపుటొడ్డు పల్లె మంచినీళ్లపేట నుండి తొలి ఆటోలో వచ్చి, స్టూడియో బల్లమీద ఒక వార కూర్చున్నది నూకమ్మ. ఆమె పెనిమిటి సింహాద్రి నలువదేండ్లు పెద్దవల లాగి లాగి, ఉద్దానమున ఇంటికొకరిని పట్టిన మూత్రపిండాల జబ్బుతో తొమ్మిది దినముల క్రిందట కన్ను మూసెను. మరునాడు పెద్దకర్మ. పటము కట్టించుటకు ఇంట ఒక్క ఫొటో లేదు. గుర్తింపు కార్డు ఒకటుండెడిది గాని, లుంగీముడిలో పెట్టుకొని వేటకు పోగా అది సముద్రపు నీట నాని, ముఖమున్నచోట ఒక మరక మాత్రము మిగిలినది. అయితే కిందటేడు గంగమ్మ సంబరమునకు తిరుమలరావు ఆ ఊరు వచ్చి, మరునాడు ఒడ్డున వల లాగువారిని సరదాకొక ఫొటో తీసెను. ఆ సంగతి ఆమె మరువలేదు.

"నాకు ఆడి మొకం మరుపు రాదు బాబూ," అన్నది నూకమ్మ. "మనవడికి వత్తాది. ఆడికి మూడేళ్లు. పెద్దయ్యాక సూపెట్టడానికి ఒక్కటి కావాల."

తిరుమలరావు గుండె కరగినది. కరగినవాడు కరగినట్లుండక, భీషణ ప్రతిజ్ఞ యొకటి చేసెను.

"పావుగంటలో ఇచ్చీత్తాను. కూకో అమ్మా."

హా, పావుగంట! నీ పేరు చెప్పి కాశీబుగ్గలో ఎందరు ఎన్ని పూటలు బల్లలమీద కూర్చుండలేదు!

ప్రతిజ్ఞానంతరము వీరుడు డబ్బాతీగ లావుతలను కంప్యూటరు ముందువైపు చిల్లునందు గ్రుచ్చెను. వెంటనే యంత్రము టింగుమని మ్రోగెను. ఆహా, గుర్తు పట్టినదని అతడు మీసము దువ్వునంతలో టుంగుమని మ్రోగి గుర్తు మరచెను. మరల టింగు, మరల టుంగు. డబ్బా లోపల డిస్కు టక్కుటక్కుమని, తలుపు తీయుడని మొత్తుకొన్నట్లు కొట్టుకొనుచుండెను. దాని నొసటి పచ్చదీపము వెలుగుచు ఆరుచుండెను. తుదకు తెరమీద ఒక ఆంగ్ల శాసనము వెలసెను: ఈ వస్తువెవరో నేనెరుగను, అని దాని తాత్పర్యము.

అంతట తిరుమలరావు క్రోధారుణ నేత్రుడై చిల్లు మార్చెను. ముందువైపు చిల్లులు రెండు, వెనుకవైపు నాలుగు. ఆరింటియందును వరుసగా గ్రుచ్చి, వరుసగా భంగపడెను. కంప్యూటరు నార్పి వెలిగించెను. తీగ తల తుడిచెను, ఊదెను, పిల్లల రబ్బరు తెచ్చి రుద్దెను. రెండు అగరువత్తులు వెలిగించెను. సూత్రము జ్ఞప్తికి వచ్చి ఒకటి ఆర్పెను. పావుగంటలు ఆరు గడచినవి. నూకమ్మ ఏమియు అడుగలేదు. అడుగని మనిషి ఎదుట ఓడుట ఎంత కష్టమో ఓడినవారికే తెలియును.

పిలువనంపగా సూర్యప్రకాష్ స్కూటరు రథముపై వచ్చి దిగెను. నడుమున స్క్రూడ్రైవరు, సంచిలో ఇరువది సీడీలు, ముఖమున తన యంత్రమునకు దోషమంటదను నిబ్బరము. అతడు ఒక్కొక్క సీడీని ప్రయోగించెను; యంత్రము ఒక్కొక్కదానిని మ్రింగి, నమిలి, ఉమిసెను. టింగు, టుంగు ఆగలేదు.

అప్పుడు దూరవాణీ రాయబారములు సాగినవి. డబ్బా అమ్మిన విశాఖ వర్తకుడు తన డబ్బా బంగారమనియు, దోషము లోని డిస్కుదనియు సెలవిచ్చెను. డిస్కు అమ్మిన వర్తకుడు తన డిస్కు వజ్రమనియు, దోషము కంప్యూటరుదనియు తీర్పిచ్చెను. కంప్యూటరు కూర్చిన సూర్యప్రకాష్ అక్కడనే యుండెను గనుక అతనికి ఫోను అక్కరలేకపోయెను. దోషము డబ్బాదని ముఖముననే చెప్పెను. ఇట్లు ముగ్గురు పెద్దమనుషులును మూడు వస్తువులను నిర్దోషులుగా విడుదల చేసిరి. ఇక మిగిలిన దోషి ఎవరు? కొన్నవాడే!

మధ్యాహ్నమగునప్పటికి తెరమీద మరియొక శాసనము వెలసెను. ఈ డిస్కు ఫార్మాటు కాలేదు, ఇప్పుడు చేయుదునా యని యంత్రము వినయముగా అడుగుచుండెను. సూర్యప్రకాష్ ఆసనము నుండి లేచి, జబ్బ చరచి, ఇట్లు గర్జించెనని వ్రాయుటకు నా కలము ఉవ్విళ్లూరుచున్నది: ఓ ఛాయాగ్రాహకశ్రేష్ఠా! సామదానభేదములు ముగిసినవి. ఇక నా అమ్ములపొదిలో ఒకే అస్త్రము మిగిలినది. దానిని సంధించితినా, ఎదుట పర్వతమున్నను పొడియగును, సముద్రమున్నను ఇంకును!

నిజమునకు అతడన్నది ఇంతే.

"ఫార్మాట్ కొట్టీద్దుమా, బావా?"

తిరుమలరావు ప్రక్కకు జరిగెను. అలసినవానికి ఏ దారియైనను దారివలెనే కనబడును. సూర్యప్రకాష్ చేయి మౌసును చేరెను. బల్లమీది నుండి నూకమ్మ, ఆ కొట్టీడమంటే ఏటని అడిగెను. అంతా తుడిచివేసి డిస్కును కొత్తది చేయుటయని అతడు ఓపికగా వివరించెను. నూకమ్మ లేచి నిలుచున్నది.

"తుడిసీత్తే మావోడో?"

ఇద్దరు వీరులును సిగ్గుపడిరి. ఆ ఉదయము నుండి వారు డబ్బాతో పోరాడిరి గాని, అందు మనిషి యున్నాడన్న మాట వారిరువురు మరచిరి.

అంతలో, ప్రతిదినము ఉద్దానవాసుల తిట్లు తిని బలిసిన కరెంటుకోత, జీవితములో మొదటిసారి ఒక మేలు చేయుటకై అరుదెంచెను. తెర నల్లబడినది. యు.పి.ఎస్. మూడుమారులు కీచుమని తన వీరత్వమును చాటి, నాలుగవమారు చాటలేక ప్రాణము విడిచెను. ఫార్మాటు అస్త్రము వింటనే మిగిలెను.

"ఓపాలి ఇలగియ్యి బాబూ," అని నూకమ్మ డబ్బాను అందుకొని గుమ్మములోని వెలుగునకు తెచ్చెను. ఇందులోనేనా మావోడున్నాడని అడిగి, రెండు అరచేతులలో ఉంచుకొని చాలసేపు చూచెను. వలలు అల్లిన వ్రేళ్లు గదా. ముడి కనబడినచోట ఆగినవి.

"ఈ రెండో తల కట్టీసినావేటి?"

తిరుమలరావు నిటారుగా నిలిచి తండ్రి ధర్మసూత్రమును సభక్తికముగా వినిపించెను: రెండు గింజలు, బక్కమొలక, గుంటకొక్కటే మొక్క. నూకమ్మ చివరిదాక విన్నది.

"మొక్కకి సరే బాబూ. ఇది మొక్క కాదు గదా, తాడు. పెద్దవలకి రెండు తాళ్లుంతాయి. ఇవతల తాడు ఊరు ఊరంతా నాగినా, అవతల తాడు నాగీవోడు నేకపోతే వల కదల్దు. మావోడు నలబయ్యేళ్లు అవతల తాడే నాగినాడు. సేప పడితే పేరు ఇవతలోళ్లదే."

సూర్యప్రకాష్ తల గోకికొనెను. ఉదయము నుండి ఆ కొబ్బరిపీచును చూచుచునే యున్నాననియు, బావ డబ్బాకు దిష్టితాడు కట్టినాడేమో యని ముట్టకుంటిననియు మెల్లగా ఒప్పుకొనెను. పాత కంప్యూటరుతో చెల్లినను, ఈ కొత్తదానితో డిస్కు కదలుటకు ఒక్క చిల్లులోని కరెంటు చాలకపోవచ్చునని, రెండవ తల అందుకే యుండునని అతనికి అప్పుడు స్ఫురించెను. స్ఫురించినదానిని తాను మొదటినుండి ఎరిగినట్లే చెప్పెను. ఆచార్యుల లక్షణమది.

తిరుమలరావు ముడిపై దండెత్తెను. మూడేండ్ల ముడి, గోళ్లకు లొంగలేదు, పండ్లకు లొంగలేదు. ఒకప్రక్క తండ్రి ఆన, ఒకప్రక్క ఇచ్చిన మాట. నూకమ్మ డబ్బాను తీసికొని, చూపు వీథివైపుండగానే మూడు ముళ్లను విప్పి పీచును అతని చేత పెట్టెను.

రెండు గంటలకు కరెంటు వచ్చినది. యంత్రము మేల్కొనెను. వీరుడు కంప్యూటరు వెనుకకు ప్రాకి, సాలెగూళ్లను చీల్చుకొని, లావుతలను ఒక చిల్లునందు, సన్నతలను దాని ప్రక్క చిల్లునందు గ్రుచ్చెను. టక్కుటక్కు ఆగినది. డబ్బా లోపల మెత్తని గిరగిర వినవచ్చెను. పచ్చదీపము వెలిగి, ఆరక, నిలిచెను. టింగుమని ఒక్కమారు మ్రోగెను. ముగ్గురును టుంగునకై ఎదురుచూచిరి. అది రాలేదు.

ఆపై గంటసేపు 'కొత్తవి', 'కొత్తకొత్తవి', 'అసలు కొత్తవి' అను పేర్లుగల అరణ్యములను గాలించిన పిమ్మట ఆ ఫొటో దొరికినది. ఒడ్డున పదునాలుగురు. ఫొటో అనగానే అందరును తాడు వదలి, చొక్కా సర్దుకొని, చేతులు కట్టుకొని నిలిచిరి. కొసన సింహాద్రి ఒక్కడు తాడును భుజమున వేసికొని, మడమలు ఇసుకలో దింపి, కెమెరావైపు ముఖము త్రిప్పి నవ్వుచుండెను.

నూకమ్మ తెర దగ్గరకు వంగెను. కన్నీరు వచ్చినది, తుడుచుకొనలేదు.

"సూడు. ఫొటో తీత్తన్నా తాడు ఒగ్గనేదు."

తిరుమలరావు పటములకు అలవాటైన కొలత చొప్పున మెడవరకు కత్తిరించబోయెను. తాడు తీసివేయమందువా యని అడిగెను. ఉండనీమని ఆమె చెప్పెను. తాడు ఉన్నది.

ఇట్లు ఐదు గంటలపాటు సాగిన మహాసమరమందు ఇద్దరు వర్తకులు, ఒక ఆచార్యుడు, ఇరువది సీడీలు, ఒక యు.పి.ఎస్., ఒక జీడితోట ధర్మసూత్రము ఓడినవని, గోరంత చిల్లు ఒకటి అదనముగా జయింపబడినదని సకల జనులకు ఇందుమూలముగా చాటడమైనది. ఈ గాథ విన్నవారి డిస్కులు టుంగనకుండును గాక! కొబ్బరిపీచును తిరుమలరావు పారవేయలేదు. అచ్చువేసిన ఫొటోను చుట్టచుట్టి, దానితోనే కట్టి ఇచ్చెను. భుజమున తాడుతో, చుట్టూ తాడుతో, సింహాద్రి మూడున్నర ఆటోలో మంచినీళ్లపేటకు పోయెను.