పట్టికలో ఒక చిన్న మార్పు

ఆ ఉదయం ఫుట్‌బాల్ లీగ్ గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు ఆఫీసుకు చేరాలి. కొత్త సీజన్ పట్టికలో ఒకే ఒక్క మ్యాచ్‌ను ఒక వారం తర్వాతకు జరపాలి. పదింటికల్లా టీ తాగాలి. దేశంలోని పద్దెనిమిది పెద్ద జట్లు ఏ శనివారం ఎవరితో, ఎవరి మైదానంలో ఆడాలో నిర్ణయించే ఉద్యోగం ఆయనది. ఇరవై రెండేళ్ళుగా ఆయన వేసిన తేదీల ప్రకారమే లక్షల మంది అరిచారు, ఏడ్చారు, టీవీలు పగలగొట్టుకున్నారు. ఆయన పేరు మాత్రం ఎవరికీ తెలియదు. ఆఫీసులో కూడా "పట్టిక గారూ" అనే పిలుస్తారు.

జరపవలసిన కారణం ఇంట్లో ఉంది. ఆయన భార్య హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పి ఆ ఏడు పదవీ విరమణ చేస్తోంది.

"సీజన్ మొదలైన రెండో శనివారం సాయంత్రం నా వీడ్కోలు సభ. మీరు రావాలి," అంది చొక్కా అందిస్తూ.

"వస్తాను."

"వార్షికోత్సవం నాడు నేను మాట్లాడినప్పుడూ ఇలాగే వస్తానన్నారు. సన్మానానికీ వస్తానన్నారు. ముందు వరసలో మీకని ఉంచిన కుర్చీలో మా హెడ్మాస్టరు గారు గొడుగు పెట్టుకున్నారు. ఈసారి తప్పితే మరో సభ లేదండీ. ఇదే ఆఖరు."

ఆ రెండుసార్లూ అడ్డొచ్చింది ఊరి పోరే. రేవు జట్టు, మిల్లు జట్టు రెండూ వాళ్ళ ఊరివే. అవి తలపడే రోజును జనం ఊరి పోరు అంటారు. మిగతా ఏ శనివారమైనా ఆయనకు సెలవు దొరుకుతుంది. ఊరి పోరు రోజున మాత్రం, ఎవరికి ఏ కష్టం వచ్చినా తిట్టడానికి వీలుగా, పట్టిక వేసిన మనిషి ఆఫీసులో ఫోను పక్కనే ఉండాలని కార్యదర్శి గారి ఆజ్ఞ. ఈ ఏడాది ఊరి పోరు ముసాయిదాలో రెండో శనివారమే పడింది. దాన్ని మూడో శనివారానికి జరిపితే చాలు. రబ్బరుతో ఒక గడి చెరపాలి, పెన్సిలుతో ఒక గడి నింపాలి.

ఇంట్లో బీరువా జరిపినవాళ్ళకు తరవాతి సంగతి చెప్పనక్కరలేదు. బీరువా జరిగితే మంచం జరగాలి, మంచం జరిగితే తలుపు తెరుచుకోదు. ఊరి పోరు మూడో వారానికి వెళ్ళగానే, ఆ వారం మ్యాచ్‌లు రెండో వారానికి వచ్చి పడ్డాయి. దాంతో రేవు జట్టు, మిల్లు జట్టు ఒకేరోజు సొంత ఊళ్ళో ఆడవలసి వచ్చింది. అది కుదరదు, ఊళ్ళో ఉన్న పోలీసులు ఒక మైదానానికే చాలరు. సరే, రేవు జట్టును కొండ జట్టు మైదానానికి పంపుదామంటే అక్కడ కొత్త గడ్డి వేస్తున్నారు, నెల దాకా ఎవరూ కాలు పెట్టకూడదు. కొండ జట్టును పక్కకు తప్పిస్తే వంతెన జట్టు వరసగా మూడుసార్లు పరాయి ఊళ్ళలో ఆడాలి. అది నిబంధనలకు విరుద్ధం. పైగా ఆ జట్టు అధ్యక్షుడు ఫిర్యాదుకు వస్తే గుమాస్తా కుర్చీలోనే కూర్చుంటాడు, రెండు గంటలకు తక్కువ లేవడు.

పదింటి టీ మూడింటికి చల్లగా తాగాడు. సాయంత్రానికి నలభై మ్యాచ్‌లు కదిలాయి. నాలుగో రోజుకు పట్టిక మళ్ళీ నిబంధనలన్నిటికీ లోబడి నిలబడింది. మొత్తం మూడు వందల ఆరు మ్యాచ్‌లలో రెండు వందల పన్నెండు స్థానం మారాయి. కార్యదర్శి గారు దాన్ని ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టి విడుదల చేశారు.

పాత ముసాయిదాను అప్పటికే ఎవరో పత్రికలకు అందించి ఉండటంతో, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం దేశానికి ఒక పని అయింది. గాయపడిన తమ ఆటగాడు కోలుకోకుండానే పెద్ద మ్యాచ్‌లు పెట్టారని రేవు జట్టు, ఆ ఆటగాడు కోలుకున్నాక పెట్టారని మిల్లు జట్టు ఆరోపించాయి. టీవీలో ఒక మాజీ గోల్‌కీపర్ బోర్డు మీద ఎర్ర బాణాలు గీశాడు. ఆడే రోజుల్లో ఆయన ఏ బంతి ఎటునుంచి వస్తుందో పసిగట్టలేదు కాని, కుట్రలను మాత్రం దూరం నుంచే పట్టేసేవాడు.

"ఇది మామూలు బుర్ర చేసిన పని కాదు. సీజన్ ముగిసే ఏప్రిల్ దాకా చూసి వేసిన ఎత్తు ఇది!" అన్నాడాయన.

"ఎవరండీ ఆ మహానుభావుడు? మీ ఆఫీసులో అంత తెలివైనవాళ్ళు కూడా ఉన్నారా?" అంది భార్య, దిద్దుతున్న జవాబు పత్రాల మీంచి తలెత్తి.

"ఉంటారులే," అన్నాడు గుమాస్తా. ఇరవై రెండేళ్ళలో ఆయన ఉద్యోగానికి దక్కిన మొదటి మెచ్చుకోలు అది.

ఆ సంతోషం మర్నాటి సాయంత్రం దాకా నిలిచింది.

"సభ ఒక వారం వాయిదా పడిందండీ," అంది ఆవిడ చెప్పులు విడుస్తూ. "మూడో శనివారం."

"ఎందుకు?"

"మా హెడ్మాస్టరు గారిది చిన్నప్పటినుంచీ వంతెన జట్టు. కొత్త పట్టికలో రెండో శనివారం వాళ్ళు ఇక్కడే ఆడుతున్నారట. ఆ మ్యాచ్‌కి టికెట్టు కొనుక్కున్నాను టీచరమ్మా, మీరే పెద్దమనసు చేసుకోవాలి అన్నారు. పోనీలే పాపం అన్నాను. మీకు ఏ రోజైనా ఒకటేగా?"

గుమాస్తా మంచినీళ్ళు తాగాడు. వంతెన జట్టును ఆ గడిలో పెట్టింది ఆయనే. పెట్టినప్పుడు బాగా కుదిరిందని ఒకసారి చేతులు కూడా దులుపుకున్నాడు.

పట్టికను మళ్ళీ మార్చే వీలు లేదు, ఊరి పోరు టికెట్లు అమ్ముడైపోయాయి. ఇక మిగిలింది సెలవు అడగటం. మూడో శనివారానికి మూడు రోజుల ముందు ధైర్యం చేసి కార్యదర్శి గారి గదిలోకి వెళ్ళాడు. బల్ల మీద పద్దెనిమిది క్లబ్బుల ఫిర్యాదు ఉత్తరాలు ఉన్నాయి. ఎవరికి వారు తమకే అన్యాయం జరిగిందని రాశారు.

"మీకోసమే కబురు పంపబోతున్నాను. రండి పట్టిక గారూ," అన్నారు కార్యదర్శి. "రెండు వందల పన్నెండు మ్యాచ్‌లు ఎందుకు కదిపారు?"

ఇంత దూరం వచ్చాక అబద్ధం కూడా ఏదీ తోచలేదు. "మా ఆవిడ కోసం సార్."

"హాస్యాలాడకండి. ఏ క్లబ్బు?"

"క్లబ్బు కాదు సార్. మా ఆవిడ."

"సరే, ఆవిడ ఏ క్లబ్బు మనిషి?"

"హైస్కూలు సార్. లెక్కలు చెబుతుంది. వీడ్కోలు సభ ఉంది. ఊరి పోరు ఆ రోజే పడిందని..."

కార్యదర్శి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. అయినా ఎదుటి మనిషి మారలేదు. "ఇంత పెద్ద కుట్రకు ఇంత చిన్న కారణం చెబితే పద్దెనిమిది మంది అధ్యక్షులు నన్ను బతకనిస్తారా? చెప్పకపోతే పోనీయండి. విచారణ సంఘం వేస్తున్నాను. అది తేలేదాకా మీరు సస్పెండ్. ఆఫీసు మెట్లు ఎక్కవద్దు. ముఖ్యంగా ఊరి పోరు రోజు ఈ చుట్టుపక్కల కనిపించవద్దు!"

"చాలా థాంక్స్ సార్," అన్నాడు గుమాస్తా. సస్పెండ్ చేసినందుకు చెయ్యి పట్టుకుని ఊపిన ఉద్యోగిని కార్యదర్శి గారు అంతకుముందు చూడలేదు. కుట్ర తాను అనుకున్నదానికంటే లోతైనదని ఆయనకు అప్పుడే నిర్ధారణ అయింది.

"సెలవు దొరికింది," అన్నాడు ఇంటికొచ్చి.

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు."

మూడో శనివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని అరగంట ముందే వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు. హాల్లో మూడు వందల కుర్చీలు వేశారు. సభ మొదలయ్యేసరికి ఆయనతో కలిపి పద్నాలుగు మంది వచ్చారు. మిగతా టీచర్లు, పాత విద్యార్థులు, పూలదండ తెస్తానన్న డ్రిల్లు మాస్టారు, అందరూ ఊరి పోరుకు వెళ్ళారు. వచ్చినవాళ్ళలో స్కూలు ఊడ్చే ఆవిడ, లైబ్రేరియన్ ఉన్నారు. ఒకాయన సర్టిఫికెట్టు మీద సంతకం కోసం వచ్చి, మర్యాదకు కూర్చున్నాడు.

"ఈ సభకు తరలివచ్చిన అశేష జనవాహినికి..." అని హెడ్మాస్టరు గారు కాగితం చూసి చదివారు. తలెత్తి చూశారు. రాసినదాన్ని వృథా చెయ్యడం ఇష్టం లేక మళ్ళీ అదే చదివారు. ఇంతలో మైదానం వైపునుంచి నలభై వేల గొంతులు ఒక్కసారి లేచాయి. లైబ్రేరియన్ వెళ్ళి కిటికీ మూసింది.

గుమాస్తా తల పైకెత్తలేకపోయాడు. వెనకున్న ఖాళీ కుర్చీలన్నీ తాను పెన్సిలుతో వేసినవే.

ఆవిడ మైకు పక్కకు తోసి, బల్ల ముందుకొచ్చి నిలబడింది. పద్నాలుగు మందికి మైకెందుకంది. ఊడ్చే ఆవిడ కూతురికి భిన్నాలు నేర్పిన సంగతి చెప్పింది, లైబ్రేరియన్ దాచిపెట్టి ఇచ్చిన కుర్చీ దిండు సంగతి చెప్పింది. సర్టిఫికెట్టు ఆయన్ను చూసి, "నువ్వు తొమ్మిదో ఎక్కం ఇంకా బాకీ ఉన్నావు," అంది. ఆయన నిలబడి అప్పజెప్పాడు. తొమ్మిది ఎనిమిదుల దగ్గర ఆగితే హెడ్మాస్టరు గారు అందించబోయి ఆయనా ఆగారు. మూడు వందల మంది వచ్చి ఉంటే ఇవేవీ జరిగేవి కావు. చివర్లో ఆవిడ ముందు వరస వైపు చూసి, "నేను మాట్లాడుతుంటే మా వారు మొదటినుంచి చివరిదాకా వినటం ఇదే మొదటిసారి. ఇంట్లో కూడా జరగలేదు," అంది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే.

మూడు వారాల తరవాత విచారణ సంఘం నివేదిక ఇంటికి వచ్చింది. ఆవిడే కవరు విప్పింది. కొత్త పట్టిక వల్ల పద్దెనిమిది జట్లకూ సరిసమానంగా నష్టం జరిగినందున లీగ్ చరిత్రలో ఇంత నిష్పక్షపాతమైన పట్టిక లేదనీ, మార్పుల వెనక ఉద్దేశం మాత్రం అంతుచిక్కలేదనీ, గుమాస్తాను సగౌరవంగా విధుల్లోకి తీసుకోవాలనీ అందులో ఉంది.

"రెండు వందల పన్నెండు మ్యాచ్‌లా? సెలవన్నారు, సస్పెండా?" అంది ఆవిడ. "ఇదంతా ఎందుకు చేశారండీ?"

ఆయన ఏదీ దాచకుండా చెప్పాడు. ఆవిడ నివేదికను మడిచి కవర్లో పెట్టింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటోందో, నవ్వు ఆపుకుంటోందో ఆయనకు తెలియలేదు.

"సభ ఏ రోజు పెట్టమంటారని మొదట్లోనే హెడ్మాస్టరు గారు నన్నే అడిగారు. మీరు ఆదివారం మధ్యాహ్నాలు పడుకుంటారని నేనే శనివారం అన్నాను. నాకు శనివారం కుదరదు, ఆదివారం పెట్టించుకో అని ఒక్క మాట అనలేకపోయారా?"

అయిదుగురు సభ్యుల విచారణ సంఘం మూడు వారాలు కూర్చున్నా, ఆ ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు.