మబ్బు పుణ్యం, అధ్యక్షుడి దయ

అణుబాంబు వేయమని ఆజ్ఞ ఇచ్చిన అమెరికా అధ్యక్షుడంత దయామయుడు ఈ భూమ్మీద పుట్టలేదు! నవ్వకండి. ఆయన లక్షల ప్రాణాలు కాపాడాడని వాళ్ళ పుస్తకాల్లో అచ్చేశారు. అచ్చులో పడ్డది అబద్ధమవుతుందా?

పైగా ఎంత పొదుపైన బుర్ర! ఊరూరికీ విడివిడిగా ఆలోచిస్తూ కూర్చుంటే ఏ మనిషికైనా నిద్ర పడుతుందా? అందుకే ఒక్క ఉత్తర్వుతో సరిపెట్టేశారు. మొదటిది వేశాక మిగతావి తయారైనవి తయారైనట్టు వేసెయ్యమన్నారు. హిరోషిమా అయ్యాక రెండో ఊరి కోసం మళ్ళీ తల పట్టుకునే పని లేదు. మా మునిసిపాలిటీ మురుగుకాలవ తవ్వడానికే ముప్ఫై సమావేశాలు పెడుతుంది. నాయకత్వమంటే అదీ!

ఊళ్ళను ఎంచుకోవడంలో ఎంత రసికత! బాంబు పడాల్సిన వాటిలో క్యోటో కూడా ఉండేదట. వాళ్ళ యుద్ధమంత్రి ఎప్పుడో ఆ పాత గుళ్ళ ఊరు చూసి మనసు పారేసుకున్నాడట, వదిలేశారు. కాబట్టి మేయర్లారా, వచ్చిన పరాయి మంత్రికల్లా మంచి టీ పొయ్యండి, తోటలు తిప్పి చూపించండి. ఎవరి మనసు ఎప్పుడు అక్కరకొస్తుందో!

జపాన్‌లోనే ఉన్న మా ఊరు కోకురాలో చూపించడానికి ఏముంది? ఆయుధాల ఫ్యాక్టరీ. అందుకే రెండో బాంబు మా కోసం బయల్దేరింది. ఆ ఉదయం నేను ఆ ఫ్యాక్టరీలోనే ఉన్నాను. ఆకాశం మసకేసి పైన విమానంలో వాళ్ళకు మేం కనబడలేదు. మరి తెచ్చిన బాంబు వెనక్కి మోసుకుపోతారా? వండిన కూర పారబోసే ఇల్లాలుంటుందా? పక్కింటికి పంచినట్టు నాగసాకికి ఇచ్చేసి వెళ్ళారు.

అప్పట్నుంచి మా వీధికి మబ్బే దేవుడు. ఏటా ఆగస్టు తొమ్మిదిన మగాళ్ళందరం చల్లటి బీరు ముందు పెట్టుకుని ఆకాశం వంక చూస్తూ కూర్చుంటాం. మబ్బు పడితే చప్పట్లు! ఎండ కాస్తే మొహాలు వేలాడేస్తాం. ఈ ఏడు మా వాకిట్లో కూర్చున్నాం. మా ఆవిడ చిసే ఆ రోజు గది తలుపు వేసుకుని లోపలే ఉంటుంది, ఎన్నడూ బయటికి రాదు. సన్నగా మబ్బు పట్టేసరికి టోఫు కొట్టు తొకుహేకి హుషారెక్కింది.

"వదినా! ఏటా ఇదే వరసా నీది? ఒక్కసారి ఇలా రా. ఈ మబ్బుకో దణ్ణం పెట్టు. ఇదే లేకపోతే నీకీ మొగుడు ఎక్కడివాడు?"

తలుపు తెరుచుకుంది. చిసే పుట్టిల్లు నాగసాకి.

"పెడతాలే మరిదీ. ఆ రోజు మా ఊళ్ళోనూ మబ్బే పట్టింది. నీకు తెలీదు కదూ? చివర్లో కాస్త విచ్చిందంతే. 'అమ్మా, ఎండొచ్చింది, దుప్పట్లు ఆరేసొస్తా' అంటూ మా చెల్లి మియో పెరట్లోకి పరిగెత్తిందట. అమ్మ పోయేదాకా అదొక్క మాటే చెప్పేది. ఇప్పుడు చెప్పు. ఏ మబ్బుకి పెట్టమంటావు దణ్ణం?"

తొకుహే గ్లాసు కింద పెట్టేశాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. చిసే లోపలికి వెళ్ళి మధ్యాహ్నానికి బియ్యం కడగడం మొదలుపెట్టింది.

అధ్యక్షుడు కాపాడిన ప్రాణాల్లో నాదీ ఒకటి, ఒప్పుకుంటున్నాను. అది ఎవరి బదులు దక్కిందో తెలిసిన మనిషి రోజూ నాకు అన్నం వడ్డిస్తోంది. నాయకులారా, మీకు పుణ్యముంటుంది, ఇలా ఇంకెవర్నీ కాపాడకండి.